టైల్స్ మీద మొండి మరకలు: బోరు నీళ్ల తెల్లని పొర, తుప్పు, నూనె జిడ్డు పోగొట్టడం ఎలా?

హోరమావు గృహిణి

సభ్యులందరికీ నమస్కారం. మేము బెంగళూరులోని హోరమావులో అద్దెకు ఉంటున్న ఇంటిని వచ్చే నెలలో ఖాళీ చేయవలసి ఉంది. ఇంటి యజమాని ఈ మధ్య వచ్చి నేలంతా చూసి, మరకలు ఇలాగే ఉంటే టైల్స్ మార్పించి ఆ ఖర్చును అడ్వాన్సులో మినహాయించుకుంటామని చెప్పి వెళ్లారు. పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టిన మాకు అది చిన్న విషయం కాదు కనుక, తెలిసినవారి సలహా కోసం ఇక్కడ రాస్తున్నాను.

మరకలు నాలుగు చోట్ల ఉన్నాయి. స్నానాల గదిలో కుళాయి కింద, గోడ వారగా తెల్లని పొర గట్టిగా పేరుకుపోయింది. గోరుతో గీకితే కాస్త పొడి రాలుతుంది గానీ పొర కదలదు. వంటింట్లో గ్యాస్ సిలిండరు పెట్టిన చోట గుండ్రని తుప్పు మరక పడింది. దేవుడి గూటి ముందు దీపారాధన నూనె కారి గోధుమ రంగులో గట్టిపడింది, దాని పక్కనే పసుపు మరకలు. హాలులోని నున్నటి తెల్ల టైల్స్ ఎంత తుడిచినా మసకగా, అడుగుల జాడలతో కనిపిస్తున్నాయి. వాటి సందులు నల్లబడ్డాయి.

మా ఇంట్లో పని చేసే అమ్మాయి, బండి మీద ఫినాయిల్ అమ్ముకునే అతని దగ్గర యాసిడ్ సీసా కొని పోస్తే ఒక్క పూటలో అన్నీ పోతాయని అంటోంది. ఇంట్లో చిన్న పాప ఉండటం వలన నాకు ధైర్యం చాలడం లేదు. యాసిడ్ వాడకుండా ఈ మరకలు పోయే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

యలహంక టైల్స్ మేస్త్రి

అమ్మా, యాసిడ్ పోయకుండా ముందు అడిగి మంచి పని చేశారు. మరక సంగతి మాట్లాడే ముందు మీ నేల ఏ రకమో తేల్చుకోవాలి. అన్నిటినీ టైల్స్ అనే పిలుస్తాము గానీ స్నానాల గదిలో వేసే గరుకు సిరామిక్ టైలు వేరు, హాలులో వేసే పాలిష్ విట్రిఫైడ్ టైలు వేరు, పాత ఇళ్లలో ఉండే మొజాయిక్, కడప రాయి, తాండూరు రాయి, పాలరాయి పూర్తిగా వేరు. సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్ మట్టితో చేసి బట్టీలో కాల్చినవి కనుక పులుపును తట్టుకుంటాయి. కడప, తాండూరు, పాలరాళ్లలో ఉండేది సున్నపు పదార్థం కనుక నిమ్మరసం పడినా ఆ చోటు మెరుపు పోయి గరుకవుతుంది. ఆ మచ్చ ఇక తుడిస్తే పోదు, పాలిష్ మిషను పెట్టించవలసిందే.

తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. తలుపు వెనకో, బీరువా కిందో, ఎవరి కంటా పడని మూలలో రెండు చుక్కల నిమ్మరసం వేసి నిమిషం పాటు దగ్గరగా చూడండి. సన్నని నురగ లేస్తే అది సున్నపు జాతి రాయి, దాని మీద పులుపు ఏదీ వాడకూడదు. ఏమీ కాకపోతే కాల్చిన టైలు. అయితే నిమ్మరసం చుక్క టైలు మధ్యలో వేయండి, సందు మీద వేయకండి, ఎందుకంటే సందులో నింపినది సిమెంటు కనుక అక్కడ ఎలాగూ నురగ వస్తుంది.

యాసిడ్ పోసిన స్నానాల గదులకు మరమ్మతు చేయడం మా పనిలో పెద్ద భాగమైపోయింది. టైలుకు ఏమీ కానట్టే కనిపిస్తుంది. సందులోని సిమెంటు మాత్రం కరిగి ఇసుక ఇసుకగా రాలిపోతుంది, అందులో నుంచి నీళ్లు కిందికి దిగుతాయి, కొన్నాళ్లకు టైలును తడితే డొల్ల శబ్దం వస్తుంది, ఆ తరువాత కింది ఇంటివారి కప్పు చెమ్మగిల్లుతుంది. మూసిన గదిలో యాసిడ్ పొగకు కుళాయిల పైపూత, నీళ్లు పోయే స్టీలు జాలీ కూడా నల్లబడతాయి.

విశ్రాంత రసాయన అధ్యాపకుడు, మల్లేశ్వరం

మేస్త్రి గారు సరైన చోట మొదలుపెట్టారు. నేను స్నానాల గదిలోని తెల్లని పొర గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే బోరు నీళ్లు వాడే ప్రతి బెంగళూరు ఇంటిలోనూ ఇదే ప్రధానమైన చిక్కు.

బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. నేల మీద నీరు ఆరిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి, కాల్షియం కార్బొనేటు, అంటే సుద్ద జాతి పదార్థం మిగిలిపోతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. 600 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న పది లీటర్ల నీళ్లు నేల మీదే ఆరిపోతే ఆరు గ్రాముల దాకా తెల్లని పదార్థం అక్కడే నిలుస్తుంది. రోజూ ఇదే జరుగుతున్నప్పుడు పొర ఎందుకు గట్టిపడుతుందో వేరే చెప్పనక్కర లేదు.

అయితే అందులో సుద్ద ఒక్కటే ఉండదు. స్నానపు సబ్బు కఠిన జలంతో కలిసినప్పుడు కాల్షియం స్టియరేటు అనే జిడ్డు పదార్థం ఏర్పడుతుంది. అది నీటిలో కరగదు. స్నానాల గది పొర సాధారణంగా ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పరుచుకొని ఉన్నదే. పైన జిడ్డు ఉండగా పులుపు పోస్తే అది లోపలి సుద్దను చేరలేదు. చాలామంది నిమ్మ ఉప్పు వాడి ఫలితం లేదని వదిలివేయడానికి కారణం ఇదే. కాబట్టి మొదట వేడినీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి గట్టి బ్రష్షుతో రుద్ది, శుభ్రంగా కడగండి. తరువాత ఈ విధంగా చేయండి.

అర లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించండి. కిరాణా కొట్లలో, బేకరీ సామాన్ల దుకాణాలలో దొరికే సిట్రిక్ యాసిడ్ పొడి ఇదే. సందులను ముందుగా మామూలు నీటితో బాగా తడపండి. సిమెంటు సందు అప్పటికే నీరు పీల్చుకొని ఉంటే పులుపు దాని లోపలికి అంతగా వెళ్లదు. ఈ చిన్న జాగ్రత్త చాలామందికి తెలియదు గానీ సందులను కాపాడేది ఇదే. ఆ తరువాత పాత బనీను గుడ్డను నిమ్మ ఉప్పు నీటిలో తడిపి తెల్లని పొర మీద పరచి, పది నిమిషాలు ఉంచండి. గుడ్డ ఎత్తినప్పుడు అంచుల దగ్గర సన్నని బుడగలు కనిపిస్తే పని జరుగుతున్నట్టే. నైలాన్ బ్రష్షుతో రుద్ది, వెంటనే ఎక్కువ నీటితో కడిగివేయండి. దానిని అక్కడే ఆరనివ్వకూడదు, ఆరితే కాల్షియం సిట్రేటు మళ్లీ తెల్లని పొడిగా తేలుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఒక్కసారికి పోదు, పలుచబడుతూ పోతుంది. బలం పెంచే కంటే ఇదే బలంతో మళ్లీ మళ్లీ చేయడం మేలు.

వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ వాసి

నమస్కారం. నేను చాలా వీడియోలలో వెనిగర్, తినే సోడా కలిపి పోస్తే పొంగి మరకలు పోతాయని చూశాను. మా ఇంట్లో కూడా అదే వాడుతున్నాము. నిమ్మ ఉప్పు కంటే అది సులభం కదా? ఆ పొంగును చూస్తే చాలా శక్తిమంతంగా అనిపిస్తుంది.

విశ్రాంత రసాయన అధ్యాపకుడు, మల్లేశ్వరం

ఈ సలహా చాలా దూరం పాకింది కాబట్టి కాస్త వివరంగా సమాధానం చెప్పడం అవసరం. వెనిగర్‌లో ఉండేది దాదాపు 4 శాతం ఎసిటిక్ ఆమ్లం. తినే సోడా క్షారం. రెండూ కలిసిన క్షణంలో ఒకదాని శక్తిని మరొకటి చంపుకొని, కార్బన్ డయాక్సైడు వాయువు బయటికి పోయి, సోడియం ఎసిటేటు అనే లవణం కరిగిన నీళ్లు మిగులుతాయి. కంటికి కనిపించే పొంగు ఆ వాయువే. సుద్దను కరిగించవలసిన ఆమ్లం అప్పటికే సోడాతో కలిసి ఖర్చయిపోయింది, జిడ్డును వదిలించవలసిన క్షారం కూడా మిగలలేదు.

విడివిడిగా వాడితే రెండూ పనికి వస్తాయి. తెల్లని పొరకు వెనిగర్ ఒక్కదానినే వాడవచ్చు, కాస్త ఎక్కువసేపు పడుతుంది. తినే సోడాను తడిపి ముద్దగా చేసి మెత్తగా రుద్దడానికి వాడవచ్చు. అది టైలును గీయదు. మీకు ఇన్నాళ్లూ ఫలితం కనిపించి ఉంటే అది మీరు బ్రష్షుతో రుద్దిన శ్రమకు దక్కిన ఫలితమని నా అభిప్రాయం.

కె.ఆర్.పురం నుంచి ఒక సభ్యురాలు

యాసిడ్ గురించి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి, దయచేసి అందరూ చదవండి. మా పక్క ఇంటిలో స్నానాల గది కడగడానికి వచ్చిన ఆమె మొదట బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది నేల మీద ఉండగానే యాసిడ్ పోసింది. ఘాటైన వాయువు లేచి ఆమె ఊపిరి ఆడక బయటికి పరుగెత్తింది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లారు కనుక కోలుకుంది. బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, ద్రవరూపంలో దొరికే బ్లీచ్‌తో గానీ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. టాయిలెట్ కడిగే చిక్కని ద్రవాలలో చాలావాటిలో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే కనుక, వాటిని బ్లీచ్‌తో కలిపినా ఇదే ప్రమాదం. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఆమ్లాలే, వాటికీ ఈ నియమం వర్తిస్తుంది. ఒక రోజు ఒకటి వాడితే, బాగా కడిగి, గది ఆరిన తరువాత మరొక రోజే రెండవది వాడాలి.

బండ్ల మీద పేరూ, బలమూ రాయని సీసాలలో యాసిడ్ అమ్మడం గురించి కూడా ఆలోచించండి. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013 జూలైలో సుప్రీంకోర్టు, కొనేవారి గుర్తింపు చూసి, వివరాలు పుస్తకంలో నమోదు చేసుకోకుండా యాసిడ్ అమ్మకూడదని, 18 ఏళ్లు నిండనివారికి అసలే అమ్మకూడదని ఆదేశించింది. నీళ్ల సీసాలో పోసి ఇచ్చిన యాసిడ్ పాప ఉన్న ఇంటిలోకి రాకూడదు. పనికి వచ్చేవారి చేతులు, కళ్లు కూడా మన బాధ్యతే. వారికి రబ్బరు చేతి తొడుగులు ఇవ్వకుండా ఏ మందూ వాడించవద్దని మనవి.

హోరమావు గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారు చెప్పినట్టు నిమ్మరసం పరీక్ష చేశాను. ఏ గదిలోనూ నురగ రాలేదు, కాబట్టి అన్నీ కాల్చిన టైల్సే. స్నానాల గదిలో మాస్టారు గారు చెప్పిన వరసలోనే చేశాను. సబ్బు జిడ్డు వదిలించే వరకు నీళ్లు తెల్లగా పాలలా వచ్చాయి. తరువాత తడి గుడ్డ పరిచి ఎత్తితే, గుడ్డ నేత గుర్తులు పొర మీద పడి ఉన్నాయి. ఆ గళ్ల మధ్య టైలు అసలు రంగు, లేత నీలం, కనిపించింది. గోడ వారన మందంగా ఉన్న చోట ఇంకా మిగిలి ఉంది, అక్కడ మళ్లీ చేస్తాను.

సిలిండరు తుప్పు మాత్రం నిమ్మ ఉప్పుకు కాస్త పలుచబడి ఆగిపోయింది. దానికి బ్లీచ్ వాడవచ్చా?

యలహంక టైల్స్ మేస్త్రి

తుప్పుకు బ్లీచ్ వద్దమ్మా. బ్లీచ్ తుప్పును కరిగించదు, మరక ఇంకా ముదురుతుంది. మొజాయిక్‌కు పాలిష్ పట్టేవాళ్లు ఆఖరి మెరుపు కోసం వాడే తెల్లని పొడి ఒకటి ఉంటుంది, హార్డ్‌వేర్ దుకాణాలలో ఆక్జాలిక్ పౌడర్ అని అడిగితే ఇస్తారు. తుప్పుకు దానిని మించినది నేను చూడలేదు. పావు లీటరు వేడినీళ్లలో ఒక చిన్న చెంచా కలిపి, దూది గానీ కాగితపు రుమాలు గానీ తడిపి తుప్పు వలయం మీద మాత్రమే పరచండి. పావుగంట ఆగితే దూదిలోకి లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు దిగుతుంది. తుడిచి, బాగా కడిగి, మిగిలి ఉంటే మళ్లీ పెట్టండి.

అయితే ఇది విషం. చేతి తొడుగులు తప్పనిసరి, పొడి గాలిలోకి లేవకుండా మెల్లగా కలపాలి, కలిపినది ఏ గిన్నెలోనూ దాచకూడదు, మిగిలిన పొట్లం పాపకు అందని చోట ఉంచాలి. ఆ పని రోజు పాపను వంటింట్లోకి రానివ్వకండి.

రుద్దడానికి స్టీలు పీచు వాడకండి. ఇనుప పీచు తునకలు టైలు గరుకులో ఇరుక్కొని, వారం తిరిగేసరికి అవే కొత్త తుప్పు చుక్కలవుతాయి. ఉప్పుకాగితం పెట్టి అరగదీసే ఆలోచన కూడా వద్దు. కొత్త ఇంట్లో సిలిండరు కింద చక్రాల స్టాండు పెట్టించుకోండి, దాని కాళ్లకు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. బీరువా కాళ్ల కింద కూడా రబ్బరు బిళ్లలు వేయండి. తడి గుడ్డతో తుడిచినప్పుడు అక్కడ నిలిచే నీటి వలన వచ్చే తుప్పు ఇంతే మొండిది.

బసవనగుడి అమ్మమ్మ

అమ్మాయీ, దేవుడి గూటి దగ్గర మరకల గురించి నేను చెబుతాను. ఇంట్లో నిత్య దీపారాధన ఉన్నవారికి ఇది తెలియవలసిన సంగతి, నాకు దీని మీద శ్రద్ధ ఎక్కువ.

పసుపును ముందు తీయాలి, నూనె జిడ్డును తరువాత తీయాలి. ఈ వరస తప్పితే పని రెట్టింపవుతుంది. నూనె జిడ్డు పోవడానికి చాకలి సోడా వాడతాము. సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు చూసేది ఇదే కదా. టైలు సందులోకి ఆ ఎరుపు దిగిందంటే కంగారు పుడుతుంది. అలా అయినా భయపడనక్కర లేదు, కాస్త నిమ్మనీరు తగిలిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది, కానీ మరక అక్కడే ఉంటుంది. పసుపులోని రంగు నీటిలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదికి అద్ది, మరక బయటి అంచు నుంచి లోపలికి తుడవండి, లోపలి నుంచి బయటికి తుడిస్తే మరక వెడల్పవుతుంది. దూది పచ్చబడిన కొద్దీ మార్చండి. దీపం, అగరుబత్తి, పొయ్యి ఏదీ వెలుగుతూ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి. ఇంకా లేత ఛాయ మిగిలితే, ఆ చోట ఎండ పడే వీలుంటే రెండు మూడు రోజులు ఎండనే పడనివ్వండి. పసుపు రంగు వెలుతురుకు నిలవదు.

ఇక నూనె. నువ్వుల నూనె గాలికి ఆరి ఆరి వార్నిషు లాంటి పొరగా మారుతుంది, అందుకే అది మామూలు సబ్బుకు లొంగదు. మరుగుతున్న నీళ్లు ఒక గ్లాసులో తీసుకొని, రెండు చెంచాల చాకలి సోడా, కొంచెం గిన్నెలు తోమే ద్రవం కలిపి, మందపాటి గుడ్డ తడిపి ఆ జిడ్డు మీద వేసి, పైన ఒక ప్లాస్టిక్ సంచి కప్పండి. అరగంటకు పొర మెత్తబడుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో, టైలుకు దాదాపు ఆనించి, పలుచగా నెట్టండి. గోధుమ రంగు జిడ్డు చుట్టలు చుట్టుకుంటూ లేచి వస్తుంది. చాకుతో గీకితే మరకతో పాటు మెరుపు కూడా పోతుంది. చేతులకు తొడుగు ఉండాలి, చాకలి సోడా చర్మాన్ని పొడిబారుస్తుంది.

ఇకపై ప్రమిద కింద ఇత్తడి పళ్లెం పెట్టుకోండి. గడపకు పసుపు రాసేటప్పుడు కూడా, గడప చెక్కదైతే ఫరవాలేదు, కానీ పక్కనున్న టైలు సందు మీదికి జారకుండా చూసుకోవాలి.

సర్జాపూర్ రోడ్డు నివాసి

హాలు మసక గురించి ఒక ప్రశ్న అడుగుతాను. మీరు నేల తుడవడానికి ఏ నీళ్లు వాడుతున్నారు? 2024 వేసవిలో నగరమంతా నీటి ఎద్దడితో అల్లాడినప్పుడు, ఆర్వో యంత్రం నుంచి బయటికి పోయే నీటిని బకెట్లో పట్టి నేల తుడవడం మా సముదాయంలో అందరికీ అలవాటైంది. నీటిని వృథా చేయకూడదనే ఆలోచన ఎంతో మంచిదే. అయితే ఆర్వో శుభ్రమైన నీటిని ఒక పక్కకు పంపి లవణాలన్నిటినీ మరో పక్కకు నెడుతుంది. లోపలికి వెళ్లిన నీటిలో సగం శుద్ధమై సగం బయటికి వస్తే, ఆ బయటికి వచ్చిన నీటిలో లవణాలు దాదాపు రెండింతలు ఉంటాయి. దానితో రోజూ తుడిస్తే మెరిసే టైలు మీద రోజుకొక పలుచని లవణపు పొర మిగులుతుంది. మా ఇంటి హాలు మసకబారడానికి కారణం అదేనని తేలిన తరువాత ఆ నీటిని టాయిలెట్ ఫ్లష్‌కు మళ్లించి, నేలకు కావేరి నీళ్లు వాడటం మొదలుపెట్టాము. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదవ దశ ప్రారంభమైన తరువాత నగరం అంచున ఉన్న 110 గ్రామాల ప్రాంతానికి ఆ నీరు అందుతోంది. మీ వీధికి కనెక్షను ఉంటే కనీసం ఆఖరి తుడుపుకైనా ఆ నీళ్లు వాడండి.

రెండవ కారణం ఫినాయిల్, నేల తుడిచే ద్రవాలు. మూత కొలతకు మించి పోస్తే వాసన ఎక్కువ వస్తుంది గానీ, ఆరిన తరువాత జిగట పొర మిగిలి పాదాల మట్టినంతా పట్టుకుంటుంది. మీరు చెప్పిన అడుగుల జాడలు ఈ జిగట వలననే కావచ్చు. వారం పాటు ఏ ద్రవమూ కలపకుండా, రెండు బకెట్లతో తుడిచి చూడండి: ఒక దానిలో మాప్ ముంచి తుడవడానికి, మరొక దానిలో దానిని పిండి జాడించడానికి.

యలహంక టైల్స్ మేస్త్రి

సర్జాపూర్ వారు చెప్పిన దానికి ఒక్కటి కలుపుతాను. పాలిష్ విట్రిఫైడ్ టైలును తయారీలో పైన అరగదీసి మెరుపు తెస్తారు. అలా అరగదీసినప్పుడు కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుంటాయి. ఫ్యాక్టరీలో వాటిని పూడ్చే పూత వేస్తారు, అది ఏళ్లు గడిచే కొద్దీ అరిగిపోతుంది. తరువాత మురికి ఆ రంధ్రాలలో కూర్చుంటుంది. వేడినీళ్లలో చాకలి సోడా కలిపి, పది నిమిషాలు నిలవ ఉంచి, మెత్తటి నైలాన్ ప్యాడ్‌తో రుద్దితే చాలా మటుకు వదులుతుంది. మెరుపు కోసం మైనం పూయకండి, అది విట్రిఫైడ్ టైలులోకి ఇంకదు, పైనే నిలిచి జారుడవుతుంది.

హోరమావు గృహిణి

మేము కూడా ఆర్వో నీళ్లతోనే తుడుస్తున్నాము. ఈ మాట ఎవరూ చెప్పలేదు. పసుపు స్పిరిట్‌తో పోయింది, బసవనగుడి అమ్మమ్మ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇక మిగిలినవి హాలు సందులు. సోడాతో రుద్దినా బూడిద రంగు దాటి తెల్లబడటం లేదు. సందులను తిరిగి నింపించాలా?

బన్నేరుఘట్ట రోడ్డు నుంచి ఒక సభ్యుడు

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. అడ్వాన్సు విషయం కూడా టైల్స్‌తో ముడిపడినదే కనుక చెబుతున్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి, కానీ వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకు అందులో మినహాయింపు ఉంది. సందులు కాలక్రమేణా బూడిద రంగుకు మారడం నాకు తెలిసినంతలో అలాంటి అరుగుదలే. మీ అద్దె ఒప్పందాన్ని ఒకసారి చదువుకొని, శుభ్రం చేసిన తరువాత ప్రతి గదికీ పగటి వెలుతురులో ఫోటోలు తీసి ఉంచుకోండి.

విజయవాడ నుంచి వచ్చిన కొత్త సభ్యురాలు

మా అమ్మగారి ఇంటిలో కడప రాయి పరిచారు. వంటింట్లో చింతపండు పులుసు పడిన చోట తెల్లగా మచ్చలు ఏర్పడ్డాయి. నిమ్మ ఉప్పు పనికిరాదని పైన చదివాను. మరి దేనితో తుడవాలి?

విశ్రాంత రసాయన అధ్యాపకుడు, మల్లేశ్వరం

అమ్మా, అది మరక కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాయి పైపొరను తినివేసిన చోటు. దానిని తుడిచి పోగొట్టలేము. పాలిష్ పనివారు పైపొర అరగదీసి మళ్లీ మెరుపు తేగలరు. ఇకపై పులుపు పడగానే తడి గుడ్డతో తుడవడం, రోజువారీ శుభ్రతకు ఘాటు లేని సబ్బు నీరు వాడటం తప్ప వేరే ఏదీ ఆ రాయికి అవసరం లేదు.

యలహంక టైల్స్ మేస్త్రి

హోరమావు అమ్మగారికి, సందుల గురించి. నింపించే ముందు ఇంకొక ప్రయత్నం చేయండి. బట్టల మరకలకు అమ్మే ఆక్సిజన్ బ్లీచ్ పొడిలో సోడియం పర్‌కార్బొనేటు ఉంటుంది, పొట్లం మీద ఆ పేరు చూసి కొనండి. బాగా వేడిగా ఉన్న నీటిలో కలిపిన వెంటనే సందుల వెంట పోసి, ఇరవై నిమిషాలు తడిగా ఉంచి, పాత టూత్‌బ్రష్షుతో సందు పొడవునా రుద్దండి, అడ్డంగా రుద్దకండి. మురికి నీటిని అక్కడే ఆరనివ్వకుండా గుడ్డతో ఎత్తివేయండి. అది దొరకకపోతే మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడులో తినే సోడా కలిపి ముద్దగా చేసి పెట్టవచ్చు. నిమ్మ ఉప్పుతో చేసిన రోజున ఇది చేయకండి. సందు తడిగా ఉన్నప్పుడు నల్లగానే కనిపిస్తుంది, పూర్తిగా ఆరిన తరువాత చూసి నిర్ణయించుకోండి.

అప్పటికీ తెల్లబడకపోతే హాలు మధ్యలో నడక ఎక్కువగా ఉన్న దారి వరకే తిరిగి నింపించండి, ఇల్లంతా అవసరం లేదు. పాత సిమెంటును సందు గీసే పనిముట్టుతో కనీసం రెండు మిల్లీమీటర్ల లోతుకు తీయాలి. పైపైన కొత్తది రాస్తే అది కొద్దిరోజుల్లోనే పెచ్చులుగా లేస్తుంది. రెండు పదార్థాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ అనే జిగురు నింపితే మరక పట్టదు, పులుపుకూ కరగదు, కానీ ఖర్చు ఎక్కువ, పనితనం కూడా కావాలి. అద్దె ఇంటికి సందులు నింపే సిమెంటు, అంటే సిమెంటు గ్రౌట్ చాలు. మీ సొంత ఇంటి స్నానాల గదికైతే ఎపాక్సీయే వేయించమని చెబుతాను.

వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ వాసి

మేస్త్రి గారూ, మాది సొంత ఇల్లు, ఎపాక్సీ వేయించాలని అనుకుంటున్నాము. పనివారు చేసేటప్పుడు మేము ఏమి గమనించాలి?

యలహంక టైల్స్ మేస్త్రి

మూడు సంగతులు చూడండి. సందు లోపల తడి అస్సలు ఉండకూడదు. స్నానాల గదైతే ముందు రోజు నుంచే వాడకం ఆపి, ఫ్యాను పెట్టి ఆరబెట్టించండి. రెండు డబ్బాల్లోని పదార్థాలనూ పొట్లం మీద ఉన్న పాళ్లలోనే కలపాలి, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి, ఎందుకంటే కలిపిన తరువాత గట్టిపడటం మొదలవుతుంది. టైలు మీద పడిన ఎపాక్సీని నింపిన కొద్ది నిమిషాల్లోనే తడి స్పాంజితో తుడిపించండి. గట్టిపడిన ఎపాక్సీ పొర ఈ చర్చలో చెప్పుకున్న మరకలన్నిటికంటే మొండిది, దానికి ప్రత్యేకమైన ద్రావకం కొనవలసి వస్తుంది. నింపిన తరువాత కనీసం 24 గంటల పాటు ఆ గదిలో నీళ్లు పోయనివ్వకండి, ఆ రోజుకు స్నానం వేరే గదిలో ఏర్పాటు చేసుకోండి.